ఏ శాఖ, ఏ ఏడు, ఎవరి పెద్దరికం: కోమాంచీల మీద నవల మొదలుపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా మైదానాల్లోని ఆదివాసీ జనమైన కోమాంచీల మీద నువ్వు పంపిన ఐదు అధ్యాయాలూ చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో నాకు ఏ సందేహం లేదు. గుర్రాల మంద రాత్రిపూట నది దాటే పేజీలు చదువుతుంటే పక్కన ఫోన్ మోగుతున్నా తీయబుద్ధి కాలేదు. కానీ మొదటి అధ్యాయంలోనే "కోమాంచీల మహారాజు" అని రాశావు, మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆ మహారాజు "తన సైన్యాలన్నిటికీ ఆజ్ఞ జారీ చేశాడు" అన్నావు, అక్కడ ఆగిపోయాను. ఈ ఉత్తరం దాదాపుగా ఆ రెండు వాక్యాల గురించే. మిగతా లోపాలు రెండో ప్రతిలో వాటంతటవే సర్దుకుంటాయి, ఇది సర్దుకోదు, ఎందుకంటే నీ కథ మొత్తం ఆ ఆజ్ఞ మీదే నడుస్తోంది, అలాంటి ఆజ్ఞ ఇచ్చి అందరి చేతా పాటింపజేసే మనిషి కోమాంచీలలో ఎప్పుడూ లేడు.

ఎందుకు అలా రాశావో నాకు తెలుసు. రాజులు, సంస్థానాలు, జమీందార్ల కథలు వింటూ పెరిగాం కాబట్టి పెద్ద జనం అనగానే పైన ఒక సింహాసనం ఉండాలనిపిస్తుంది. టెక్సస్ ప్రభుత్వానికీ, స్పెయిన్ గవర్నర్లకీ, వాషింగ్టన్ ఆఫీసర్లకీ కూడా అలాగే అనిపించింది. వాళ్లు రాసిన కాగితాల నుంచే నువ్వు సమాచారం తీసుకుంటున్నావు, అందుకే వాళ్ల చూపు నీ పేజీల్లోకి నీకు తెలియకుండానే వచ్చేసింది.

అసలు ఎలా ఉండేదో ముందు చెప్తాను. కోమాంచీల బతుకు విడిది చుట్టూ తిరిగేది. కొన్ని కుటుంబాలు, ఎక్కువగా బంధువులు, కొన్ని డజన్ల డేరాలు, వాటికి ఎన్నో రెట్లు గుర్రాలు. ఆ విడిదికి ఒక పెద్ద ఉంటాడు, పరైబో అంటారు. అతన్ని ఎవరూ ఓట్లేసి ఎన్నుకోరు, తండ్రి నుంచి ఆస్తిలా కూడా రాదు. యుద్ధంలో పేరు, మాట నేర్పు, బంధుబలం, బయటివాళ్లతో బేరం చేసి సరుకు తేగలగడం, తెచ్చింది పంచిపెట్టగలగడం, ఇవన్నీ కలిసి ఒక మనిషి మాటకి బరువొస్తుంది. ఆ బరువు ఉన్నంతకాలమే అతను పెద్ద. నచ్చని కుటుంబం డేరా విప్పి గుర్రాల మీద వేసుకుని ఇంకో విడిదికి వెళ్లిపోతుంది, ఆపే అధికారం అతనికి లేదు. దాడికి వెళ్లాలంటే ఎవరైనా పూనుకోవచ్చు, నమ్మినవాళ్లు వెంట వస్తారు, ఆ దాడి నడిచినన్నాళ్లు అతని మాట వింటారు, తిరిగొచ్చాక ఆ అధికారం అక్కడితో సరి. పెద్ద విషయాలకి వయసుమీరిన మగవాళ్లు కూర్చుని, పొగాకు గొట్టం చేతులు మార్చుకుంటూ, అందరికీ ఒప్పుదల కుదిరేదాకా మాట్లాడేవాళ్లు. కుదరకపోతే ఒప్పుకోనివాళ్లు తమ దారిన తాము పోయేవాళ్లు, దాన్ని ద్రోహం అని ఎవరూ అనేవాళ్లు కాదు.

ఇప్పుడు నీ మూడో అధ్యాయం మళ్లీ చూసుకో. "ఆజ్ఞాపించాడు" అనే ఒక్క క్రియతో ముగించిన చోట నిజానికి నలభై పేజీల నాటకం ఉంది: ఎవర్ని ఒప్పించాలి, ఎవరు లేచి వెళ్లిపోతారు, ఎవరి అల్లుడు ఎటు మొగ్గుతాడు, పంచిపెట్టడానికి చేతిలో ఏముంది. ఇంత సరుకుని ఒక్క మాటతో పారేసుకున్నావే అని బాధపడ్డాను.

విడిదులన్నీ కలిసి కొన్ని పెద్ద శాఖలుగా ఉండేవి. నువ్వు పెనటెకా, క్వాహాదీ అనే పేర్లని ఒకే జనానికి రెండు పేర్లున్నట్టు వాడావు. పెనటెకాలు దక్షిణాన, ఇప్పటి ఆస్టిన్, శాన్ ఆంటోనియోలకి పడమటి వైపు ఎడ్వర్డ్స్ పీఠభూమి వాగుల్లో ఉండేవాళ్లు, అందుకే టెక్సస్ వలసదారులు మొదట ఢీకొన్నది వాళ్లతోనే. కోట్సోటెకాలది కెనేడియన్ నది లోయ, న్యూ మెక్సికో వ్యాపారులకి దగ్గర. యాంపరికాలు ఇంకా ఉత్తరాన, ఆర్కాన్సా నది వైపు. నోకోనీలు మధ్యలో, రెడ్ రివర్ ఎగువ భాగాల్లో. క్వాహాదీలు పడమట లానో ఎస్టకాడో అనే ఎత్తైన చదును మైదానంలో. అక్కడ చెట్టు ఉండదు, నీళ్లు ఎక్కడున్నాయో తెలిసినవాడికే బతుకు, సైన్యం చాలా ఏళ్లు ఆ మైదానం ఎక్కడానికే జంకింది. ఎవరు ఎక్కడ ఉన్నారన్న దాన్ని బట్టే ఎవరు ఎవరితో వ్యాపారం చేశారు, ఎవరికి ముందు మశూచి వచ్చింది, ఎవరు ముందు సంతకం పెట్టారు, ఎవరు చివరిదాకా పెట్టలేదు అన్నవన్నీ తేలతాయి. మ్యాప్ ఒకటి గోడకి అంటించుకుని రాయి.

పేర్లు కూడా కాలంతో మారాయి. 1706 ప్రాంతంలో స్పెయిన్ వాళ్ల కాగితాల్లో కోమాంచీల పేరు మొదటిసారి కనిపిస్తుంది, అప్పటికి వాళ్లు ఉత్తరాన తమ షషోనీ బంధువుల నుంచి విడిపోయి, గుర్రాలు సంపాదించుకుని దక్షిణానికి దిగుతున్నారు. ఆ శతాబ్దం రెండో సగంలో వినిపించే పెద్ద శాఖలు యాంపరికా, హూపే, కోట్సోటెకా. హూపేల పేరు తర్వాతి శతాబ్దంలో క్రమంగా మాయమవుతుంది. క్వాహాదీల పేరు బాగా వినిపించేది ఆ శతాబ్దం సగం గడిచాకే. నువ్వు 1779 కథలో క్వాహాదీ యువకుణ్ని పెట్టావు, తీసెయ్. శాఖ పేరు మారడానికి ఇంకో కారణం కూడా ఉండేది: చనిపోయినవాళ్ల పేరు పలకకూడదనే ఆచారం. నోకోనీ శాఖ తమ పెద్ద చనిపోయాక, అతని పేరూ అదే కావడంతో, శాఖ పేరే మార్చుకుందని చెప్తారు. నీ కథలో తండ్రి చనిపోయిన మర్నాడే కొడుకు అతని పేరు అరుస్తూ శపథం చేస్తాడు. తెలుగు సినిమాకి బాగుంటుంది కానీ ఆ కుర్రాడు అలా చేయడు.

ఇక 1779 గురించి, ఎందుకంటే నువ్వు అక్కడే మొదలుపెట్టావు. క్వెర్నో వెర్దే అని స్పెయిన్ వాళ్లు పిలిచిన నాయకుడు అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉన్న న్యూ మెక్సికో పల్లెల మీద ఏళ్ల తరబడి దాడులు చేశాడు. అతని తండ్రి కూడా అంతకుముందు వాళ్లతో పోరులోనే పోయాడు. గవర్నర్ హువాన్ బౌతిస్తా దె ఆన్సా సుమారు 600 మందితో మామూలు దారి వదిలి కొండల వెనక నుంచి ఉత్తరానికి వెళ్లి, ముందు ఒక విడిదిని పట్టుకుని, తర్వాత దాడి నుంచి తిరిగొస్తున్న క్వెర్నో వెర్దేని సెప్టెంబర్ 3న చంపాడు, ఇప్పటి కొలరాడోలో, గ్రీన్‌హార్న్ పర్వతం పక్కన. నువ్వు ఇక్కడితో యుద్ధం ముగిసినట్టు రాశావు. ముగియలేదు. ఒక పెద్ద పోతే ఆ విడిది ఏడుస్తుంది, మిగతా విడిదులకి వాళ్ల పెద్దలు వాళ్లకుంటారు. శాంతి కుదరడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది, మధ్యలో 1780-81 మశూచి ఎంతోమందిని ఊడ్చుకుపోయింది.

ఆ ఏడేళ్ల చివర ఏం జరిగిందో అది నీ నవలకి గుండెకాయ కావాలని నా కోరిక. ఆన్సా ఒక షరతు పెట్టాడు: ఒక్కో గుంపుతో విడివిడిగా కాదు, అందరి తరఫునా ఒకే గొంతు మాట్లాడితేనే శాంతి. అంటే తన పద్ధతికి సరిపోయే పెద్దని తయారుచేసుకురమ్మన్నాడు. 1785లో కోట్సోటెకా విడిదుల వాళ్లు ఆర్కాన్సా నది ఒడ్డున కలుసుకుని ఎకుయెరకాపా అనే అతన్ని ముందుకి తోశారు. శాంతి వద్దన్న తోరోబ్లాంకో అనే నాయకుణ్ని శాంతి కోరినవాళ్లే చంపేశారు, అతని అనుచరుల్లో కొందరు ఇటు కలిసిపోయారు, కొందరు విడిపోయి దాడులు కొనసాగించారు. 1786 ఫిబ్రవరిలో ఎకుయెరకాపా శాంటా ఫేలోకి వచ్చి ఆన్సాని కలిశాడు, తర్వాత పెకోస్‌లో ఒప్పందం ఖాయమైంది. బేరం ఏమిటంటే సంతల్లో న్యాయమైన వ్యాపారం, కానుకలు, అపాచీలనే మరో ఆదివాసీ జనం మీద కలిసి పోరాటం. ఆ శాంతి న్యూ మెక్సికోలో కొన్ని తరాలు నిలబడింది.

ఎకుయెరకాపా స్థానంలో ఒక్క రాత్రి ఉండి చూడు. బయట గవర్నర్‌కి నువ్వు అందరికీ అధిపతివి, లోపల నీ జనానికి నువ్వు ఒక మంచి మాటకారివి. గవర్నర్ దగ్గరి నుంచి వచ్చే కానుకలు పంచితేనే నీ మాట చెల్లుతుంది, నీ మాట చెల్లితేనే గవర్నర్ కానుకలు ఇస్తాడు. ఇంతకన్నా గొప్ప పాత్ర నీకు ఎక్కడ దొరుకుతుంది? అతను 1793లో పానీలనే ఇంకో ఆదివాసీ జనంతో పోరులో తగిలిన గాయాలతో పోయాడు. మహారాజు అంటే ఇతను ఎక్కడా కనిపించడు, పరైబో అంటే పేజీ పేజీకీ కనిపిస్తాడు.

అదే కాలంలో జరిగిన ఒక చిన్న సంగతి ఉంది, ఎవరూ నవలగా రాయలేదని నాకు అసూయగా కూడా ఉంది. పరువానరిముకో అనే హూపే పెద్ద 1787లో తమకి ఇళ్లు కట్టించమని స్పెయిన్ వాళ్లని అడిగాడు. ఆర్కాన్సా నది ఒడ్డున, ఇప్పటి కొలరాడోలో ప్యూబ్లో దగ్గర, శాన్ కార్లోస్ దె లోస్ హూపేస్ అని ఒక ఊరు లేచింది, కొన్ని ఇళ్లు పూర్తయ్యాయి, జనం దిగారు. మరుసటి ఏడు మొదట్లో ఆ పెద్దకి దగ్గరైన ఒక స్త్రీ చనిపోయింది. చావు జరిగిన చోట ఉండకూడదు కాబట్టి అందరూ లేచి వెళ్లిపోయారు, ఎంత బతిమాలినా తిరిగి రాలేదు. అధికారులు దీన్ని చంచలత్వం అని రాసుకున్నారు. నువ్వు ఆ స్త్రీ వైపు నుంచి రాయగలవు.

ఇప్పుడు 1840 మార్చి 19, శాన్ ఆంటోనియో. దీని మీద నీకు కోపం రావాలి, చల్లగా రాయడానికి వీల్లేదు, కానీ కోపం సరైన చోట రావాలి. టెక్సస్ అప్పుడు వేరే దేశం. పట్టుకుపోయిన బందీలందర్నీ తెచ్చి అప్పగిస్తేనే శాంతి అని కబురు పెట్టింది. పెనటెకా పెద్దలు ముగువారా నాయకత్వంలో ఆడవాళ్లతో, పిల్లలతో సహా 65 మంది వచ్చారు. వెంట తెచ్చింది మెటిల్డా లాక్‌హార్ట్ అనే అమ్మాయిని, కొద్దిమంది మెక్సికన్ పిల్లల్ని. మిగతావాళ్లు ఏరి అంటే, వేరే గుంపుల దగ్గర ఉన్నారు, వాళ్ల మీద మాకు అధికారం లేదు, వాళ్లతో బేరం చేసుకోవాలి అని ముగువారా చెప్పాడు. అది ఉన్నదున్నట్టు నిజం. టెక్సస్ అధికారులు అది అబద్ధం అనుకున్నారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అధిపతి అంటే అందరికీ అధిపతి. బందీలు వచ్చేదాకా మీరే బందీలు అని మాటలు జరుగుతున్న గదిలోనే ప్రకటించి, తలుపుల దగ్గర సైనికుల్ని నిలబెట్టారు. తర్వాత కత్తులు, తుపాకులు, వీధుల్లోకి పరుగు. 35 మంది కోమాంచీలు చనిపోయారు, వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు, అటు ఏడుగురు. పట్టుబడ్డవాళ్లలో ఒక పెద్ద భార్యకి గుర్రం ఇచ్చి, పన్నెండు రోజుల్లో బందీల్ని తెమ్మని పంపారు.

మెటిల్డా ఒంటి మీద గాయాల గురించి ఆనాటివాళ్లు చాలా రాశారు, దాన్ని దాచకు. కోమాంచీలు బందీల్ని పట్టేవాళ్లు, కొందర్ని హింసించేవాళ్లు, కొందర్ని అమ్మేవాళ్లు, కొందర్ని సొంత పిల్లల్లా పెంచేవాళ్లు; మెక్సికోలోకి వెళ్లిన దాడుల్లో ఎన్నో ఊళ్లు నాశనమయ్యాయి. నీ రాతలో వాళ్లు మరీ మచ్చలేని మనుషుల్లా ఉన్నారు, అది కూడా ఒక రకంగా వాళ్లని తక్కువ చేయడమే. జాలిపడటానికి వాళ్లని తీసుకురాకు, వాళ్లు ఆ మైదానాల్లో నూరేళ్లకి పైగా అందరూ లెక్క చేయాల్సిన బలంగా బతికారు.

ఆ గదిలో పోయింది ఒక సైన్యం కాదు, పెనటెకాల్లో బేరం చేయగలిగిన, మాట చెల్లే పెద్దల్లో చాలామంది ఒకేసారి పోయారు. ఆగస్టులో బఫలో హంప్ అనే పెనటెకా పెద్ద వందల మందిని వెంటబెట్టుకుని సముద్రం దాకా దిగి విక్టోరియా మీదా, లిన్‌విల్ రేవు మీదా పడ్డాడు. జనం పడవలెక్కి నీళ్లలోకి పారిపోయి ఊరు తగలబడటం చూశారు. తిరుగుదారిలో ప్లమ్ క్రీక్ దగ్గర ఆగస్టు 12న టెక్సస్ వాళ్లు అడ్డుకున్నారు. గిడ్డంగిలో దొరికిన టోపీలు, గొడుగులు పెట్టుకుని వాళ్లు స్వారీ చేశారనే ముచ్చటని ఇంగ్లీషులో అందరూ నవ్వులాటగా రాస్తారు. నువ్వు అలా రాయకు. ఆ గుర్రాల మీద ఉన్నవాళ్లలో ఎంతమందికి మార్చిలో అన్నో తండ్రో పోయాడో ఆలోచించి రాయి.

అదే బఫలో హంప్ 1847లో జర్మన్ వలసదారులతో శాంతి చేసుకున్నాడు, ఓల్డ్ ఔల్, శాంటా అన్నా అనే మరో ఇద్దరు పెనటెకా పెద్దలతో కలిసి. మాట్లాడుకుంది శాన్ సాబా నది దగ్గర, సంతకాలు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. రెండేళ్లకే, 1849లో, కలరా వచ్చి పెనటెకాల్ని చితకొట్టింది, శాంటా అన్నా అందులోనే పోయాడు. 1855లో బ్రజోస్ నది ఉపనది ఒడ్డున వాళ్లకో చిన్న రిజర్వేషన్, అంటే ఆదివాసీలు ఉండాలని ప్రభుత్వం హద్దులు గీసిన నేల, ఇస్తే కెతుమ్సే అనే పెద్ద తన వాళ్లతో వెళ్లి దిగాడు, బఫలో హంప్ అక్కడ నిలవలేదు. ఇద్దరూ పెనటెకాలే. ఒకడు పిరికివాడు, ఇంకొకడు వీరుడు అని తేల్చేయకు. కెతుమ్సే ముందున్నది ఆకలి, పిల్లలు. నాలుగేళ్లకి, 1859లో, వాళ్లని అక్కడి నుంచీ తరిమేశారు, రెడ్ రివర్ దాటించి తీసుకెళ్లిన ప్రభుత్వ ఏజెంట్ రాబర్ట్ నైబర్స్‌ని తిరిగొచ్చాక టెక్సస్‌లో కాల్చి చంపారు.

1858లో ఇంకొకటి జరిగింది. బఫలో హంప్ ఫోర్ట్ ఆర్‌బకిల్ అధికారులతో శాంతి మాట్లాడి రష్ స్ప్రింగ్ దగ్గర విడిది వేసుకుని ఉన్నాడు, ఆ కబురు చేరని ఇంకో సైనిక దళం అక్టోబర్ 1న తెల్లవారుజామున వాళ్ల మీద పడింది. కోమాంచీలకి ఒకే గొంతు లేదని దెప్పిన ప్రభుత్వానికే ఒకే గొంతు లేదు. ఇది నీ పాత్రల నోట చెప్పించకు, సంఘటన రాస్తే చాలు.

ఉపన్యాసాల గురించి ఒక మాట. నాలుగో అధ్యాయంలో నీ కథలోని పెద్ద రెండు పేజీల ప్రసంగం చేస్తాడు, అందులో భూమాత, గద్ద, చివరి సూర్యాస్తమయం అన్నీ ఉన్నాయి. మొత్తం కొట్టేయ్. నిజమైన ప్రసంగం ఎలా ఉంటుందో తెలియాలంటే 1867 అక్టోబర్‌లో మెడిసిన్ లాడ్జ్ దగ్గర అమెరికా ప్రభుత్వంతో జరిగిన ఒప్పందం సభలో యాంపరికా పెద్ద పరువాసేమెనా, అంటే టెన్ బేర్స్, మాట్లాడింది చదువు. దుబాసీ ద్వారా వచ్చినా అందులో ఎంత పట్టు ఉందో చూడు: గాలి స్వేచ్ఛగా వీచే, కంచెలు లేని చోట పుట్టానని చెప్తాడు, మొదటి బాణం మేం వేయలేదంటాడు, మీరు కట్టిస్తానంటున్న ఇళ్లు మాకొద్దంటాడు, టెక్సస్ వాళ్లు మంచి గడ్డి ఉన్న చోటల్లా తీసేసుకున్నారని లెక్క చెప్తాడు. అలంకారం కోసం ఒక్క మాటా లేదు, ప్రతి మాటా బేరంలో భాగమే. అంతా చెప్పి చివరికి సంతకం పెట్టాడు, 1872లో వాషింగ్టన్ దాకా వెళ్లొచ్చి ఆ ఏడే పోయాడు. ఒప్పందంలో మిగిలింది సుమారు 30 లక్షల ఎకరాలు. క్వాహాదీలు ఆ సభకి రాలేదు, సంతకమూ పెట్టలేదు, అయినా ఆ కాగితం వాళ్లకీ వర్తిస్తుందని ప్రభుత్వం అనుకుంది. మళ్లీ అదే పొరపాటు, 1840లో చేసిందే.

కోట్సోటెకా నాయకుడు మోవే గురించి నువ్వు ఒక్క లైనూ రాయలేదు. 1872 సెప్టెంబర్ చివర్లో అమెరికా సైన్యపు కల్నల్ మెకంజీ రెడ్ రివర్ ఉత్తర పాయ దగ్గర అతని విడిది మీద పడ్డాడు, అప్పుడు మోవే అక్కడ లేడు. ఆడవాళ్లని, పిల్లల్ని, మొత్తం 120 మందికి పైగా పట్టుకెళ్లి ఫోర్ట్ కాంచోలో చలికాలమంతా ఉంచారు. వాళ్లని విడిపించుకోవడం కోసం మగవాళ్లు రిజర్వేషన్ దగ్గరికి వచ్చారు, దాడులు తగ్గాయి, 1873లో వదిలారు. మైదానంలో పరుగులు తీసే గుర్రాల కన్నా ఆ కోట లోపలి చలికాలం మీద నాకు ఎక్కువ పేజీలు కావాలి.

ఇక క్వానా పార్కర్. నువ్వు అతన్ని "చివరి మహారాజు" అన్నావు. 1874 జూన్ 27న అడోబ్ వాల్స్ దగ్గర బైసన్ వేటగాళ్ల మీద దాడి జరిగినప్పుడు అతను ఇంకా యువకుడు, పేరున్న యోధుడు, అంతే. ఆ రోజు జనాన్ని కూడగట్టింది ఇసాటై అనే మంత్రగాడు, తన శక్తితో తూటాలు తగలవని చెప్పి. ఆ పిలుపు విని కూడా పెనటెకాల్లో చాలామంది రాకుండా వెళ్లిపోయారు. ఇది మర్చిపోకు, అంత ఆవేశం ఉన్న రోజున కూడా ఎవరి నిర్ణయం వాళ్లదే. లోపల ఉన్న సుమారు 28 మంది వేటగాళ్ల దగ్గర దూరం కొట్టే తుపాకులున్నాయి, దాడి విఫలమైంది. సెప్టెంబర్ 28న పాలో డ్యూరో లోయలో మెకంజీ గుర్రాల మందని పట్టుకుని వెయ్యికి పైగా కాల్చి చంపించాడు, మనుషులు పెద్దగా చావలేదు, కానీ గుర్రం లేకపోతే చలికాలం దాటడం కష్టం. 1875 జూన్ 2న చివరి క్వాహాదీలు ఫోర్ట్ సిల్‌కి వచ్చి లొంగిపోయారు, సుమారు 400 మంది, వాళ్లలో క్వానా, ఇసాటై ఇద్దరూ ఉన్నారు.

క్వానా పెద్దరికం పెరిగింది ఆ తర్వాత, రిజర్వేషన్‌లో. ఏజెంట్లకి మాట్లాడటానికి ఒక మనిషి కావాలి, పశువుల యజమానులకి గడ్డి భూములు లీజుకివ్వడానికి ఒప్పించే మనిషి కావాలి, క్వానా ఆ రెండు పనులూ చేస్తూనే తన జనానికి డబ్బు, తిండి తెచ్చాడు. తిట్టినవాళ్లు కూడా తక్కువేం కాదు, ఇసాటై చాలాకాలం ఎదురు నిలబడ్డాడు. రిజర్వేషన్ న్యాయస్థానంలో జడ్జిగా పనిచేశాడు, ఎక్కువమంది భార్యలున్నారని 1898లో ఆ పదవి పీకేశారు. పెయోటీ అనే ఒక రకం జెముడు మొక్కని తీసుకుంటూ చేసే ప్రార్థనల్ని కాపాడటానికి పోరాడాడు. భూమిని ముక్కలు చేయడాన్ని ఆలస్యం చేయగలిగాడు, ఆపలేకపోయాడు. 1892లో పెట్టించుకున్న సంతకాలతో 1900లో చట్టం వచ్చి, 1901లో తలా 160 ఎకరాలు ఇచ్చి మిగిలిన భూమిలో చాలా భాగం లాటరీ తీసి బయటివాళ్లకి పంచేశారు. 1905లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రమాణస్వీకారం ఊరేగింపులో గుర్రం మీద వెళ్లాడు. 1911 ఫిబ్రవరి 23న పోయాడు. యుద్ధం చేసిన క్వానా నీ దగ్గర మూడు అధ్యాయాలున్నాడు, లీజు కాగితాల ముందు కూర్చున్న క్వానా ఒక్క పేరాలో ఉన్నాడు. తిరగెయ్. ఎకుయెరకాపాని ఆన్సా ఏ స్థితిలో నిలబెట్టాడో నూరేళ్ల తర్వాత క్వానా అదే స్థితిలో ఉన్నాడు, నవల ఈ ఇద్దరి మధ్యా నడవచ్చు.

అతని తల్లి సింథియా ఆన్ పార్కర్ కథని ప్రేమకథ చేయకు, దయచేసి. 1836లో తొమ్మిదేళ్ల పిల్లగా దాడిలో పట్టుబడింది, కోమాంచీ అయింది, పిల్లల్ని కంది, 1860 డిసెంబర్‌లో పీస్ నది దగ్గర చంటిపాపతో సహా రెండోసారి పట్టుబడింది, ఈసారి పుట్టింటివాళ్ల చేతికి. ఎన్నిసార్లు పారిపోవాలని చూసినా పోనివ్వలేదు, పాప చనిపోయింది, కొడుకుల్ని మళ్లీ చూడకుండానే ఆమె పోయింది. ఆ దాడిలోనే ఆమె భర్త పీటా నోకోనాని చంపేశామని టెక్సస్ వాళ్లు గొప్పగా చెప్పుకున్నారు, క్వానా మాత్రం మా నాన్న అక్కడ లేడని తర్వాత చెప్పాడు. నువ్వు ఆ చావుని కళ్లకి కట్టినట్టు రాశావు. కొడుకు కాదన్నది తెలిశాక అలాగే ఉంచుతావా లేదా నువ్వే తేల్చుకో, కానీ తెలిసి తేల్చుకో.

నువ్వు ఉండేది డాలస్‌లో. కోమాంచీల మ్యూజియం ఉన్న ఓక్లహోమాలోని లాటన్‌కి కారులో మూడు గంటలు. మన తెలుగువాళ్లు అన్ని వేలమంది ఇళ్లు కొనుక్కున్న ఆ ఉత్తర టెక్సస్ నేల మీద ఈ కథ జరిగింది, పక్క రాష్ట్రంలో ఆ జనం ఇప్పటికీ ఉన్నారు, సుమారు 17 వేల మంది, ఎన్నుకున్న ఛైర్మన్‌తో, సొంత రాజ్యాంగంతో, సొంత మ్యూజియంతో. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల కుర్రాళ్లు తమ భాషనే కోడ్‌గా వాడి నార్మండీ తీరం నుంచి ఫోన్ సందేశాలు పంపారు. వాళ్ల గురించి "అంతరించిపోయిన" అనే మాట నీ ముందుమాటలో రెండుసార్లు ఉంది, ఈరోజే తీసెయ్. మ్యూజియంకి వెళ్లు, అడిగి తెలుసుకో, ఎవరైనా ఇంటి విషయం చెప్తే అది వాళ్ల అనుమతి లేకుండా నీ నవలలో పెట్టకు. 1933లో కొందరు పరిశోధకులు వెళ్లి రిజర్వేషన్‌కి ముందు రోజులు తెలిసిన ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగి రాసుకున్న నోట్సు ఇప్పుడు అచ్చులో ఉంది, విడిది లోపలి బతుకు దాన్లోంచి తీసుకో, సైన్యం రిపోర్టుల్లోంచి కాదు.

టెన్షన్ పడకు, తేదీలన్నీ ఒకేసారి తలకెక్కించుకోనక్కర్లేదు. ప్రతి సీను పైన పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసుకో: ఏ శాఖ, ఏ ఏడు, ఈ పెద్ద మాట ఇక్కడ ఎవరు వింటారు. మూడోదానికి జవాబు "అందరూ" అని వచ్చిన ప్రతిచోటా ఆగి ఆ సీను మళ్లీ చూడు. గుర్రాల మంద నది దాటే పేజీల్ని మాత్రం ముట్టుకోకు. మూడో అధ్యాయం తిరగరాసి ముందు అదొక్కటే పంపు, సంక్రాంతికి ఊరెళ్లేలోపు చదివి జవాబు రాస్తాను.

ఉంటాను,
అన్న